పెన్ను ఎవరి చేతిలో ఉంది

"చెప్తే చేస్తాగా!" అన్నాడు భర్త.

ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో విసుగు లేదు, వెటకారం లేదు. నిజానికి కాస్త నొచ్చుకున్నాడు కూడా. వాషింగ్ మెషీన్ ఎప్పుడో ఆగిపోయింది. లోపల తడిబట్టలు ఉండచుట్టుకుని పడున్నాయి. అతను దాని పక్కనే నిలబడి, దాని మీదే అద్దం ఆనించుకుని, తీరుబడిగా గడ్డం గీసుకున్నాడు. ఆమె ఒక చేత్తో పొయ్యి మీది గిన్నె దించుతూ, రెండో చేత్తో అత్తగారి మాత్రలు అందుకుంటూ, "అయ్యో, ఆ బట్టలు ఆరెయ్యలేదా?" అంది. దానికి వచ్చిన జవాబది.

చేస్తాడు. అందులో అనుమానమేమీ లేదు. చెప్తే బట్టలు ఆరేస్తాడు, చెప్తే కూరగాయలు తెస్తాడు, చెప్తే గ్యాసు బుక్ చేస్తాడు. చెప్పకపోతే మాత్రం ఇల్లు తగలబడుతున్నా సరే, ఆర్పమని ఎవరైనా అంటారేమోనని చూస్తూ నిలబడగలడు. ఆమె చెల్లెలైతే, "బావగారు నయమే అక్కా, మా ఆయన చెప్పినా చెయ్యడు" అని నిట్టూరుస్తుంది. చుట్టాలందరిలోనూ అతనికి మంచి పేరు. ఆ పేరు అబద్ధం కాదు కాబట్టే ఆమెకి గొడవ పడడానికి చోటు దొరకదు.

అయితే చెప్పాలంటే ముందు గుర్తుండాలి కదా. గుర్తుండాలంటే చూసుకుంటూ ఉండాలి. ఎక్కడున్నా ఒక కన్ను ఇంటి మీద వేసి ఉంచాలి. క్లాసులో బోర్డు మీద సమీకరణం రాస్తుంటే, సరిగ్గా కుడివైపు తేల్చబోయే సమయానికి, ఫ్రిజ్‌లో పాలు అయిపోయిన సంగతి గుర్తుకొస్తుంది. అత్తగారి మోకాళ్ళ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి, స్నానాల గదిలో కారుతున్న కొళాయికి మనిషిని ఎప్పుడు పిలవాలి, హాస్టల్లో ఉన్న కూతురు నిన్న ఫోన్లో ఎందుకంత ముభావంగా మాట్లాడింది, ఆయన బూట్ల అడుగు ఊడింది కదా, వానలొచ్చేలోగా కొత్తవి కొనమనాలి. ఇవన్నీ ఆమె బుర్రలో అద్దె కట్టకుండా కాపురం ఉంటాయి. ఆ కాపురం ఎవరికీ కనిపించదు. బట్టలు ఆరేసినవాడు కనిపిస్తాడు. వీధిలో వాళ్ళు చూసి మెచ్చుకుంటారు కూడా.

"మా వాడు బంగారమమ్మాయ్," అంది అత్తగారు మంచం మీదనుంచే, బట్టల సంగతి చెవిన పడగానే. "కాస్త నోరు తెరిచి చెప్పాలి, అంతే."

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆ కాస్త నోరు తెరుస్తూనే ఉంది. 'అంతే' అన్న మాట దగ్గర మాత్రం ప్రతిసారీ పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. మాత్రలు అత్తగారి చేతిలో పెట్టి, తడిచేతులు చీరకి తుడుచుకుని, కాలేజీకి బయల్దేరింది.

కాలేజీలో ఆమె చేసే పని దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ఆమె నేర్పేదే చెప్పకుండా ఉండడం.

లెక్కలు చెప్పడం ఆమె ఉద్యోగం. దాని పైన, ఎవరూ అడక్కుండానే నెత్తికెత్తుకున్న పని ఇంకోటుంది. లైబ్రరీ వెనక, ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసే గదిలో, పై క్లాసుల పిల్లలు కింది క్లాసుల పిల్లలకి పాఠాలు చెప్తారు. లెక్చరర్లని అడగడానికి జంకే పిల్లలు వరండాలో సీనియర్లని పట్టుకుని అడగడం చూసి, ఆ గది ఊడ్పించి, బల్లలు వేయించి, దీపాలు పెట్టించింది ఆమే. ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె క్లాసులు ఎవరూ తగ్గించలేదు. అక్కడ పాఠాలు చెప్పే పిల్లల్ని ట్యూటర్లంటారు. లెక్క చెయ్యడం వేరు, చేయించడం వేరని వాళ్ళకి నేర్పేది ఆమె. ఈ తేడా ఆ కాలేజీలో లెక్చరర్లకే చాలామందికి తెలీదు, పాపం పిల్లలకేం తెలుస్తుంది.

ఆ గది గుమ్మం దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది. ట్యూటర్లు లోపలికొచ్చే ముందు తమ పెన్నులు అందులో పడేసి రావాలి. "ఆయుధాలు అప్పగించేశాం మేడమ్" అని నవ్వుకుంటూ పడేస్తారు. నేర్చుకోవడానికొచ్చిన వాళ్ళ చేతిలోనే పెన్ను ఉండాలి. ట్యూటర్ ఎదురుగా కాదు, పక్కన కూర్చోవాలి. ప్రశ్న అడిగాక నోరు మూసుకుని ఆగాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కొత్త ట్యూటర్లకి మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది.

శిక్షణలో ఆమే మొద్దు పిల్లలా కూర్చుంటుంది. ఆ వేషం ఆమెకి మహా సరదా. నోరు వెళ్ళబెట్టి, పెన్ను కొరుకుతూ, కావాలనే ఒక తప్పు చేస్తుంది. చూసిన ట్యూటర్ చెయ్యి దానంతటదే లేస్తుంది పెన్ను లాక్కోవడానికి. ఆమె టక్కున ఆ చెయ్యి పట్టేసుకుంటుంది. "చూశావా, తప్పు కనిపించగానే నీ చెయ్యి ఊరుకోలేదు. నువ్వది సాయం అనుకుంటున్నావు. ఆ అమ్మాయికి మాత్రం 'నీ వల్ల కాదులే, ఇలా తే' అన్నట్టు వినిపిస్తుంది. ఈ రోజు లెక్క నువ్వు చేసిపెడతావు, బాగానే ఉంది. పరీక్షలో ఎవరు చేస్తారు?" ఈ పొరపాటు మంచి పిల్లలే చేస్తారు. పట్టనివాళ్ళకి అసలు చెయ్యే లేవదు.

వాళ్ళందరిలోకీ తెలివైంది, ఆమెని ఎక్కువ ఏడిపించింది, 'గడగడ' అని అందరూ పిలిచే అమ్మాయి. చివరి సంవత్సరం. నోరు తెరిస్తే కొళాయి విప్పినట్టే. ప్రశ్న అడిగి, తనే జవాబు చెప్పి, ఆ జవాబెందుకు రైటో కూడా తనే చెప్పేసి, "అర్థమైందా?" అనేది. పక్కన కూర్చున్న పిల్ల తలూపేది. ఊపక చస్తుందా. ఒకసారి ఆమె గడగడని పక్కకి పిలిచి, "నువ్వడిగాక ఆ పిల్లకి ఆలోచించడానికి వ్యవధి ఇచ్చావా?" అంది.

"ఊరికే కూర్చుంటే నాకు భయమేస్తుంది మేడమ్. నాకు జవాబు తెలీదనుకుంటారేమో అనిపిస్తుంది."

"అనుకోనీ. కిటికీలోంచి బయటికి చూడు. కనిపించినవి మనసులో చెప్పుకో. చెట్టు, గోడ, సైకిలు, ఎండ. ఆ పిల్ల నోరు తెరిచేదాకా చెప్పుకుంటూనే ఉండు."

గడగడ నేర్చుకుంది. ఆ పిల్ల నోరు మూసుకోవడం ఆ గదిలో అందరూ చూసి సంబరపడిన విషయం. ఇప్పుడు కొత్తవాళ్ళకి తనే నేర్పుతుంది. వారం చివర అందరూ గుండ్రంగా కూర్చుని, ఎక్కడ బోల్తాపడ్డారో ఒక్కొక్కరే చెప్పుకుంటారు. "నేర్చుకోవడానికొచ్చిన అబ్బాయి, ఆడపిల్ల ట్యూటరా, అన్నయ్యలెవరూ లేరా అని అడిగాడు మేడమ్" అని ఒక అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. నాకు జవాబు తెలీక గాభరాపడి ఏదో చెప్పేశాను, తప్పు చెప్పానని ఇంటికెళ్ళాక తెలిసింది, నిద్రపట్టలేదు అంటాడు ఒక అబ్బాయి. ఆమె అందరి మాటా వింటుంది. "తెలీదు, కనుక్కుని చెప్తా అనడం కూడా పాఠమే" అంటుంది. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆమెకి పాలూ కొళాయీ గుర్తుకు రావు. ఆమె బుర్ర ఖాళీగా, తేలిగ్గా ఉండే చోటు లోకంలో ఆ గదొక్కటే. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ రోజు ప్రిన్సిపాల్ పిలిపించాడు. ఆమె వెళ్ళేసరికి మొహం వెలిగిపోతోంది ఆయనకి.

"మంచి వార్త మేడమ్! మీ గది గురించి పైవాళ్ళ దాకా వెళ్ళింది. దాన్ని ట్యూటరింగ్ కేంద్రంగా చేస్తున్నాం. కొత్త హాలు, ట్యూటర్లకి భత్యం, ఒక ఇన్‌ఛార్జి. ఇన్‌ఛార్జికి సగం క్లాసులు తగ్గిస్తాం. శుక్రవారం కౌన్సిల్లో పెడుతున్నాం."

ఆమెకి నిజంగానే ఒళ్ళు పులకరించింది. కొత్త హాల్లో బల్లలు ఎలా వెయ్యాలో అప్పుడే కళ్ళముందు కనిపిస్తోంది. ఏదో అనబోయింది.

"ఇన్‌ఛార్జిగా స్టాటిస్టిక్స్‌లో కొత్తగా చేరిన సారుని అనుకుంటున్నాం," అన్నాడు ఆయన. "చురుకైనవాడు, బాగా మాట్లాడతాడు. మీరెలాగూ వెనకుండి నడిపిస్తారు. ఆ పిల్లలకి మీరు అమ్మలాంటివాళ్ళు కదా. వారం రోజులు ఆయనకి పని నేర్పించండి, చాలు."

"నేను..." అంది ఆమె.

"మీకు ఇల్లూ, అత్తగారూ, బాధ్యతలు. ఈ మీటింగులూ గట్రా మీకెందుకని మేమే ఆలోచించాం. అదీగాక, మీకు కావాలని మీరెప్పుడూ అడగలేదు కదా!"

"సరేనండి" అంది ఆమె.

బయటికొచ్చాక వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. ఆయన మీద కంటే తన నోటి మీద ఎక్కువ ఒళ్ళు మండింది. ఆ 'సరే' ఎక్కడినుంచి వచ్చింది? ఆలోచించి అన్నది కాదు. తలుపు తట్టగానే 'వస్తున్నా' అన్నట్టు వచ్చేసింది. ఇన్నేళ్ళుగా ఇంట్లో, బయట, అలా ఎన్ని సరేలు జారిపోయాయో. అమ్మలాంటివాళ్ళట. అమ్మకి క్లాసులు తగ్గించాలని ఎవరికీ తట్టదు. కొత్తవాడికి పని నేర్పి, వాడి కింద పనిచెయ్యాలి. పైగా అడగలేదని అనిపించుకోవాలి. తను చేస్తున్నది ఇన్నాళ్ళూ వాళ్ళకి కనిపించలేదా అంటే, కనిపించింది. కనిపించబట్టే కేంద్రం అవుతోంది. తనే కనిపించలేదు.

సాయంత్రం ఇంట్లో చెప్పింది. అందరూ తింటున్నారు. ఆమె వడ్డిస్తూ చెప్పింది.

"పోనీలే, నీకే తలనొప్పి తగ్గింది," అన్నాడు భర్త. తర్వాత ఆమె మొహం చూసి, "నీకది కావాలా? కావాలని నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు. పాపం, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. ఇంకా చప్పుడయ్యేలా పెట్టాలనుకుంది కానీ, అలవాటు లేక మామూలుగానే పెట్టింది. "చూస్తే తెలీదా?" అంది. "నేనా గది గురించి ఎలా మాట్లాడతానో, అక్కడి నుంచి ఇంటికి ఎలా వస్తానో, ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నారుగా. చెప్తేనే తెలుస్తుందా ఏదైనా?"

"చెప్పకుండా ఎలా తెలుస్తుంది మరి" అని గొణిగి, కంచంలోకి చూసుకున్నాడు.

అతను లేచి వెళ్ళాక అత్తగారు మంచం మీదకి చేరి కోడల్ని దగ్గరికి పిలిచింది. ఆవిడ మాటలో మామూలుగా ఉండే మొగమాటం లేని దురుసుతనం అప్పుడు లేదు.

"వాడికి లేవమని నేను చెప్పాను, తినమని నేను చెప్పాను, చదువుకోమని నేను చెప్పాను. తర్వాత నువ్వొచ్చావు, నువ్వు చెప్తున్నావు. చెప్పకపోతే వాడేం చేస్తాడో మనిద్దరిలో ఎవరమూ చూడలేదమ్మాయ్."

"బంగారం అన్నారుగా అత్తయ్యా," అంది ఆమె. అనకుండా ఉండలేకపోయింది.

"బంగారమే. నేనెప్పుడు కాదన్నాను?" అంది అత్తగారు, మళ్ళీ తన మామూలు గొంతులోకి వచ్చేసి. "దుప్పటి కప్పి పో."

చెప్పకపోతే వాడేం చేస్తాడో చూడలేదన్న ఆ మాట ఆమెని పట్టుకుని వదల్లేదు. కాలేజీలో ఇంత గట్టిగా చెప్తుందే, తప్పు కనిపించగానే చెయ్యి చాచొద్దని. ఇంట్లో తను చేస్తున్నదేంటి? ఈ ఇంటి లెక్క మొత్తం తనే చేస్తోంది. పెన్ను ఒక్క రోజు వదల్లేదు. ఆయన తలూపుతూ పక్కన కూర్చున్నాడు, చెప్పిన చోట గీత గీస్తున్నాడు. అతని బద్ధకం సంగతి సరే, తన తొందర సంగతేంటి? ఆలస్యం అయిపోతుందని, పని పాడైపోతుందని, అత్తయ్య ఇబ్బంది పడుతుందని చెయ్యి లేచిపోతూ వచ్చింది. తన కొత్త ట్యూటర్ ఎవరైనా ఇలా చేస్తే ఎప్పుడో చెయ్యి పట్టుకుని ఆపి ఉండేది. అలాగని తప్పంతా తన మీద వేసుకోవడానికి కూడా ఆమె సిద్ధంగా లేదు. నేర్చుకోవాల్సిన వయసులో పెన్ను తీసుకోకుండా చేతులు కట్టుకుని కూర్చున్నవాడు ఆయనే కదా.

మర్నాడు అత్తగారి మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు. ఆమెకి గుర్తుంది. గుర్తులేకుండా ఎలా పోతుంది? నాలిక చివరిదాకా వచ్చింది మాట. కిటికీలోంచి చూసింది. ఎదురింటి గేటు, నీళ్ళ ట్యాంకు, తీగ మీద కాకి. ఏమీ అనకుండా కాలేజీకి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఏదో దొంగతనం చేసినట్టే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భర్త హాల్లో పచార్లు చేస్తున్నాడు. "అమ్మని డాక్టరుకి చూపించాల్సింది ఈ రోజటగా! నువ్వు చెప్పలేదే!"

ఆమె చెప్పులు విప్పుకుని కూర్చుంది. "అయ్యో" అనలేదు, "మర్చిపోయాను" అనలేదు. అతను కాసేపు ఎదురుచూశాడు. ఏమీ రాకపోయేసరికి ఫోన్ తీశాడు. నంబరు కోసం అటూ ఇటూ వెతికి, మందుల చీటీ మీద పట్టుకుని, డాక్టరు దగ్గరికి చేశాడు.

"పేషెంటు వయసా? ఒక్క నిమిషం." ఫోన్ చేత్తో మూసి, "అమ్మా, నీ వయసెంత?" అని కేకేశాడు.

లోపల్నుంచి అత్తగారు, "నువ్వే చెప్పరా చూద్దాం" అంది.

అతను భార్య వైపు చూశాడు. ఆమెకి తెలుసు. నెల, తేదీతో సహా తెలుసు. ఆమె ఫ్యాను వైపు చూసింది. అతను వేళ్ళ మీద ఏవో కూడికలు చేసి, తన వయసుకి ఎంత కలపాలో తేల్చుకుని, చెమటలు తుడుచుకుంటూ ఒక అంకె చెప్పాడు. "రెండు తక్కువ చెప్పావు, బాగుంది, అలాగే ఉంచు" అంది లోపలి గొంతు. ఆమెకి నవ్వాగలేదు. అతనూ నవ్వాడు, కాస్త సిగ్గుపడుతూ. అంతమాత్రాన ఇల్లేమీ మారిపోలేదు. పాలు అయిపోయిన సంగతి ఆ రోజు కూడా ఎవరూ చూడలేదు. కానీ పుట్టి మునగలేదన్నది ఆమె కళ్ళారా చూసింది. మర్నాడు, కొత్త ట్యూటర్లకి కొత్తసారు ఇచ్చే శిక్షణకి వెళ్తూ, ఆ సంగతే తలుచుకుంది.

కొత్తసారు చెడ్డవాడు కాదు. నవ్వుమొహం, మంచి గొంతు, బోర్డు మీద అందమైన రాత. కొత్త ట్యూటర్లంతా వరసగా కూర్చున్నారు. ఆమెకి ఒక పక్కగా కుర్చీ వేశారు. గడగడ ఆమె వెనక నిలబడింది. ఒక మొదటి సంవత్సరం అబ్బాయిని ముందుకు పిలిచి, "ట్యూటరింగ్ ఎలా చెయ్యాలో ఇప్పుడు చూపిస్తాను" అన్నాడు ఆయన. అబ్బాయి లెక్క మొదలుపెట్టాడు, రెండో వరసలో తడబడ్డాడు. కొత్తసారు చిరునవ్వుతో, ఎంతో ప్రేమగా, వాడి చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. చకచకా చేసేశాడు. ఎంత బాగా చేశాడంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ అబ్బాయి కూడా కొట్టాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలీక తన చేతుల వైపు చూసుకున్నాడు.

వెనకనుంచి గడగడ ఆమె కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"ఇక పనుల పంపకం," అన్నాడు కొత్తసారు. "లెక్కలూ ఫిజిక్సూ చెప్పడానికి అబ్బాయిల్ని వేద్దాం. అమ్మాయిలకి ఓపిక ఎక్కువ కదా, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, కూర్చోబెట్టడం, వాళ్ళు చూసుకుంటారు." గడగడ వైపు తిరిగి, "నువ్వు సీనియర్‌వి, గుమ్మం దగ్గర బల్ల నీది" అన్నాడు, అదేదో బహుమానం ఇస్తున్నట్టు. "ఇంకా ఏవైనా చిన్నచిన్నవి ఉంటే మేడమ్ సర్దేస్తారు. ఏం మేడమ్?"

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె తల అటూ కాకుండా ఇటూ కాకుండా కదిలింది. ఆయన దాన్ని అవుననే తీసుకున్నాడు.

గది ఖాళీ అయ్యాక గడగడ ఎదురుగా వచ్చి నిలబడింది. మొహం ఎర్రబడి ఉంది.

"మీరేమీ అనలేదేంటి మేడమ్?"

"ఆయన కొత్త కదా. మెల్లగా తెలుసుకుంటారు."

"మేమూ కొత్తగానే వచ్చాం. మేం పెన్ను లాక్కుంటే మీరు అందరి ముందూ మా చెయ్యి పట్టుకుని ఆపారు. మీరు పట్టుకున్నందుకు నేను ఆ రోజు బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. ఆయన చెయ్యి ఎందుకు పట్టుకోలేదు?"

"మెల్లగా నేర్పిస్తాలే..."

"ఎవరు? మీరేనా? ఆయనకి మీరు నేర్పి, మాకు మీరు నేర్పి, మిగిలినవి మీరు సర్దేసి... ఇంక ఆయనెందుకు మేడమ్?"

గడగడ ఆగింది. మాట మీద మాట వేసే పిల్ల, ప్రశ్న అడిగి, నోరు మూసుకుని, కదలకుండా నిలబడింది. ఎంతసేపు నిలబడాలో ఆ పిల్లకి నేర్పింది తనే. తప్పించుకోవడానికి దారి లేదు. గడగడ కళ్ళనిండా నీళ్ళు తిరుగుతున్నాయి కానీ చూపు మాత్రం తిప్పలేదు.

"నాకా బల్ల వద్దు మేడమ్," అంది చివరికి, చాలా మెల్లగా. "అక్కడ కూర్చోమంటే నేను మానేస్తాను. మీ కోసం కూడా కూర్చోను."

ఆ పిల్ల వెళ్ళిపోయింది. మంచి ట్యూటర్లని తయారుచేసుకున్నానని ఆమె ఎప్పుడూ మురిసిపోయేది. ఈ పిల్లని తను గుమ్మం దగ్గర బల్ల కోసమా తయారుచేసింది? ఈ రోజు తను తలూపిన ఆ ఊపు, తన వరకే ఆగలేదు. ఆ వరసలో కూర్చున్న ప్రతి ఆడపిల్లా దాన్ని చూసింది. చూసి నేర్చుకుంటుంది. వీళ్ళకి ఏళ్ళతరబడి నోటితో చెప్పిన పాఠాలన్నీ ఒక ఎత్తు, ఈ తల ఊపు ఒక ఎత్తు. ఆమెకి సిగ్గేసింది, దాని వెనకే కోపం వచ్చింది. కోపం రావడం ఎంత హాయిగా ఉందో ఆమెకి అప్పుడే తెలిసింది. సంచి భుజాన వేసుకుని తిన్నగా ప్రిన్సిపాల్ గదికి నడిచింది.

"రండి మేడమ్. శిక్షణ బాగా జరిగిందట కదా?"

"ఆ కేంద్రం బాధ్యత నాకు కావాలి సార్," అంది ఆమె, కుర్చీలో కూర్చోకముందే.

ఆయన కళ్ళజోడు తీశాడు. "అదేంటి, మొన్న సరే అన్నారుగా?"

"అన్నాను. అనకుండా ఉండాల్సింది. నేనెప్పుడూ అడగలేదన్నారు కదా. ఇప్పుడు అడుగుతున్నాను. సగం క్లాసులు తగ్గించడంతో సహా."

"ఆయనకి మాటిచ్చేశాం. నొచ్చుకుంటాడు. మీరు వెనకుండి..."

"వెనకుండను సార్. ఆయనకే ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, మీ ఇష్టం. నేను నా క్లాసులు చెప్పుకుని ఇంటికెళ్తాను. ట్యూటర్లకి ఆయనే నేర్పించుకుంటారు."

"మీరు లేకపోతే ఆ గది నడవదు కదా మేడమ్!" అనేశాడు ఆయన. అన్నాక, తనేమన్నాడో తనకే వినిపించినట్టుంది.

'పర్వాలేదు సార్, మీకు ఇబ్బందైతే వదిలెయ్యండి' అనే మాట, ఎప్పటి అలవాటో, పరుగెత్తుకుంటూ పెదాల దాకా వచ్చింది. దాన్ని ఆమె అక్కడే నిలబెట్టింది. ఆయన ఇబ్బంది పడుతున్నాడు. పడనిచ్చింది. పేపర్‌వెయిట్ అటు జరిపాడు, ఇటు జరిపాడు. గంట నొక్కబోయి మానేశాడు. ఆమె భయపడుతూనే ఉంది. ఈ గదిలోంచి బయటికెళ్ళేసరికి, తన బుర్ర తేలిగ్గా ఉండే ఆ ఒక్క చోటూ ఉండకపోవచ్చని ఆమెకి బాగా తెలుసు. అయినా ఆయన తరఫున తను మాట్లాడలేదు.

"సరే," అన్నాడు ఆయన ఎట్టకేలకి. ఆ మాట ఆయన నోట విని ఆమెకే వింతగా ఉంది. "నిజం చెప్పాలంటే మీది కాదనడానికి నా దగ్గర కారణం లేదు. శుక్రవారం మీ పేరే పెడతాను. ఆయనకి నేను నచ్చచెప్పుకుంటాను. కానీ సాయంత్రాలు ఉండిపోవాల్సి వస్తుంది, మీటింగులకి ఊళ్ళు తిరగాల్సి వస్తుంది. తొందరేం లేదు. మీవారిని, మీ అత్తగారిని, ఇంట్లో ఒక మాట అడిగి, రేపు చెప్పండి."

ఆమె లేచి, కుర్చీ బల్ల కిందికి తోసి, సంచి సర్దుకుంది.

"అడగడానికేమీ లేదు సార్," అంది. "ఇంట్లో చెప్తాను."